చిత్రములలో సముద్రయానము

ఆంధ్రుల ప్రాచీన వైభవమును గూర్చి సభ యెక్కడ జరిగినను వేదిక వెనుక నొక తెరచాపయోడ బొమ్మ కట్టుట ఆచారమైపోయినది. శాతవాహనుల నాణెము మీది రెండు కంబముల ఓడ మన సంచికల ముఖపత్రముల కెక్కినది. పిల్లల పాఠ్యపుస్తకములలో చేరినది. దానిని చూచి సంతోషింపని తెలుగువాడుండడు. సంతోషించుట తప్పు కాదు. కాని బొమ్మయు నొక సాక్షియే. సాక్షి బోనెక్కిన వెంటనే, "నీవెక్కడ నిలిచి చూచితివి? నిన్ను పిలిపించినవారెవరు? నీకు కనబడనిదేమి?" అని యడుగక ఏ న్యాయవాదియు విడిచిపెట్టడు. సముద్రయానమును చూపు చిత్రములను, శిల్పములను ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించినచో మన చరిత్రలో మనము మఱచిన భాగ మొకటి బయటపడునని మా అభిప్రాయము.

మొదట ఆ నాణెమునే చూతము. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో పండితులు దీనిని చదివియున్నారు. క్రీ.శ. 2వ శతాబ్ది నాటిది. ఇట్టి నాణెములు కోరమండల తీరమున, ముఖ్యముగా చెన్నపట్టణమునకు దక్షిణమున కడలూరు వఱకు గల ప్రాంతమున దొరికినవి. ఒక వైపున ఓడ. రెండవ వైపున నాలుగు వృత్తములను కలిపిన ఉజ్జయినీ చిహ్నము. ఇది బంగారము కాదు, వెండి కాదు, సీసము. అనగా రాజు భాండాగారమున దాచుకొను ద్రవ్యము కాదు. అంగడిలో చేతులు మారు చిల్లర. ఉప్పో బియ్యమో కొనువాని చేతిలోనికి కూడ ఓడబొమ్మ వచ్చినదనగా, సముద్రవ్యాపార మా తీరమున ఎంత పరిచితమో ఊహింపవచ్చును. టాలెమీ తన భూగోళమున మైసోలియా అని పేర్కొన్న దేశము మన కృష్ణాతీరమే యని పండితుల నిర్ణయము. స్వర్ణభూమికి పోవు నౌకలు తీరమును విడిచి నడిసముద్రమున కెక్కడ తిరుగునో ఆ తావును కూడ ఆతడా ప్రాంతముననే గుర్తించెను.

అయినను నాణెమును పిలిపించినవాడు రాజు. రాజు చెప్పదలచినది తన అధికారము. అందు ఓడకు చోటున్నది గాని ఓడ నడుపువానికి చోటు లేదు. నడుపువాని పేరు వేఱొక చోట మనకు దొరకినది: ఘంటసాల ప్రాకృత శాసనములలో శివకుడను మహానావికుడు కనబడుచున్నాడు. ఆతనికి పేరున్నది, ముఖము లేదు. ఓడకు రూపమున్నది, మనుష్యుడు లేడు. ఈ రెండును కలిసిన చిత్రమును వెదకుచు మనము పడమటి కొండలకు పోవలసియున్నది.

పోవు దారిలో భర్హుతు శిల్పమును తలచుకొనక తప్పదు. కలకత్తా మ్యూజియమున నున్న ఆ గుండ్రని ఫలకమున ఒక మహామత్స్యము నోరు తెఱచి పడవను మనుష్యులతో కూడ మ్రింగుచున్నది. తిమితిమింగలము కడుపునుండి వసుగుప్తుడను వర్తకుడు రక్షింపబడెనని దాని మీది లేఖ చెప్పుచున్నది. క్రీస్తుకు పూర్వపు శిల్పమిది. నాణెము సముద్రమును లాభముగా చూపినది. ఈ ఫలకము భయముగా చూపినది. ఓడ నెక్కినవాని కా రెండును ఒక్కసారియే యుండెను గదా!

అజంతా 2వ గుహలోని పూర్ణావదాన చిత్రమున ఈ రెండును కలిసికొన్నవి. క్రీ.శ. 5వ శతాబ్ది నాటి యీ చిత్రము నేడు మాసిపోయినది. 19వ శతాబ్ది చివర గ్రిఫిత్సు దొర అచ్చు వేయించిన ప్రతులతో పోల్చి చూచిన గాని వివరములు తెలియవు. ఓడకు ముందువెనుకలు ఎత్తుగా లేచియున్నవి. మూడు కంబములు, వానికి పొడవుగా నిలువుననున్న తెరచాపలు, ముందు గాలితో నిండిన వేఱొక చాప, ప్రక్కలందు చుక్కాని తెడ్లు. ముందుభాగమున రెండు కన్నులు వ్రాయబడినవి. ఓడ తన దారి తాను చూచుకొనునను విశ్వాసము. వెనుక పందిరి క్రింద కుండలు వరుసగా పేర్చియున్నవి. ఓడను చూచి, ఎక్కి, ప్రయాణించినవారి మాట వినక ఏ చిత్రకారుడును ఇంత వివరముగ వ్రాయజాలడు. సహ్యాద్రి లోయలో, సముద్రమునకు ఎన్నియో దినముల ప్రయాణ దూరమున, ఈ బొమ్మ యెట్లు వచ్చినది? ఆ గుహలు వర్తకుల బాటల మీద నున్నవి. విహారములకు దానములు చేసినవారిలో వర్తకులు పెక్కండ్రు. కథానాయకుడు పూర్ణుడు శూర్పారకపు వర్తకుడు. ఆ శూర్పారకమే నేడు బొంబాయి చెంతనున్న సోపారా. చందనమును తెచ్చుచున్న అన్నగారి ఓడ తుపానులో చిక్కగా పూర్ణుడు వచ్చి కాపాడును. ఓడ మీద చేతులు జోడించి నిలిచిన మనుష్యుని చూడుడు. ఇచ్చట ఓడను చూచుచున్నవాడు రాజు కాడు. ఓడలో తన సొమ్మును, తనవారిని పెట్టి, ఒడ్డున వేచియున్నవాడు.

ఆ వేచియున్నవానికి తుపాను ఒక్కటే శత్రువు కాదు. ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో, ఆ సరకు ఆ తీరపు రాజుదని పూర్వపు మర్యాద. సముద్రము మిగిల్చినదానిని రాజు పుచ్చుకొనుచుండెను. కాకతి గణపతిదేవుడు క్రీ.శ. 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ఈ యన్యాయమును మాన్పినది. పూర్వరాజులు గాలివానకు చెడి వచ్చిన ఓడల సర్వస్వమును హరించుచుండిరనియు, తాము దయచేతను, కీర్తి కొఱకును, ధర్మము కొఱకును నియమిత సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులకే విడిచితిమనియు ఆ శాసనము చెప్పుచున్నది. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొక పాలు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, పట్టు, మిరియములు మొదలగు సరకులకు వేర్వేఱు రేట్లు కూడ చెక్కబడినవి. అజంతా చిత్రమున చేతులు జోడించిన వర్తకునికి ఎనిమిది శతాబ్దుల తరువాత దొరకిన ప్రత్యుత్తరము వంటి దీ శాసనము. ఆ శాసనమును, ఆ చిత్రమును ప్రక్కప్రక్కన నుంచి చూపు ప్రదర్శన యొక్కటియైన మన కంటబడలేదు.

అజంతాలోనే 17వ గుహలో మఱియొక మహాచిత్రము కలదు. ఏనుగులు, గుఱ్ఱములు, శూలధారులు పడవలలో క్రిక్కిఱిసి ఒక ద్వీపము మీదికి పోవుచున్నారు. దీనిని చూచిన పూర్వపండితులు కొందఱు విజయుడు సింహళమును జయించిన వృత్తాంతమని వ్రాసిరి. అది మన విజయయాత్రకు చిత్రసాక్ష్యమని చాలకాలము చెప్పుకొంటిమి. తరువాతి పరిశోధకులు కథను మొదటినుండి చివరి వఱకు గోడ మీద చదివి, ఇది సింహలావదానమని తేల్చిరి. ఓడ పగిలి రాక్షసీద్వీపమున చిక్కిన వర్తకులు. ఆకాశమున వారిని దాటించు గుఱ్ఱము. వెనుకకు చూచినవారెల్ల క్రిందపడి చచ్చుట. కడకు బ్రతికి బయటపడిన సింహలుడు సేనతో వచ్చి ఆ ద్వీపమును గెలుచుట — ఇది కథ. సేన గోడ మీద నున్నమాట నిజమే. కాని ఆ సేనకు ముందున్నది ఓడపగులు, చావు, మోసము. మనము కథ తుద మాత్రమే చదివి గర్వించితిమి.

బోరోబుదూరు విషయమున నిట్టి పఠనమే మఱింత బలముగా జరిగినది. జావాలో శైలేంద్రరాజుల కాలమున, క్రీ.శ. 800 ప్రాంతమున వెలసిన ఆ స్తూపపు గోడలపై అందమైన ఓడలు చెక్కబడినవి. 1912లో రాధాకుముద ముఖర్జీగారు హిందూదేశ నౌకాచరిత్రను గూర్చిన తమ గ్రంథమున వానిని జావాకు వలసపోయిన హిందువుల ఓడలుగా వర్ణించిరి. "మీకు నౌకలు లేవు, సముద్రము తెలియదు" అని ఆంగ్లేయులు వెక్కిరించుచున్న దినములవి. ఆ గ్రంథము మన జాతికి చేసిన మేలును తక్కువ చేయరాదు. కాని శిల్పమును తిన్నగ చూడుడు. పెద్ద ఓడలకు ప్రక్కన, నీటిమీద తేలుచు ఓడను పొరలనీయక పట్టియుంచు దూలముల చట్రము కనబడుచున్నది. అది ద్వీపాంతరవాసుల పద్ధతి. ఆ ఓడలను కట్టినవారు, నడిపినవారు ఆ ద్వీపముల నావికులే. శిల్పములను నమూనాగా గొని కట్టిన "సముద్రరక్ష" యను ఓడ 2003లో జకార్తా విడిచి, హిందూమహాసముద్రమును దాటి, దక్షిణాఫ్రికా చుట్టి 2004లో ఘానా దేశపు అక్రా రేవును చేరెను. శిల్పి చెక్కినది ఊహ కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల? మన బౌద్ధము, మన లిపులు, మన కథలు ఆ ద్వీపములకు పోయినవి; వానిలో కొన్ని పోయినది వారి ఓడలమీదనే కావచ్చును. అతిథిగా పోయినవాడు పడవ తనదని చెప్పుకొనిన గౌరవము పెరుగునా?

ఇక చెన్నపట్టణము మాట. కృత్రిమమైన రేవు కట్టకపూర్వము ఇచ్చట ఓడ లంగరు వేయునది దూరముననే. ప్రయాణికులు మసూలా పడవలలో అలలను దాటి ఒడ్డునకు రావలెను. మేకు లేక పలకలను కొబ్బరి త్రాటితో కుట్టిన ఆ పడవ అలల దెబ్బకు వంగునే కాని పగులదు. ఆంగ్లేయ చిత్రకారులకు ఆ దృశ్య మెంతయో వేడుక. 19వ శతాబ్దిలో అచ్చయిన పటములందు టోపీలు పెట్టిన దొరలు, గొడుగులు పట్టిన దొరసానులు, అలల నురుగు, తెడ్లు వేయు బెస్తవాండ్రు కనబడుదురు. దొరల ముఖములందు భయమును, చిఱునవ్వును వ్రాసిన ఆ చేయి బెస్తవాండ్ర నందఱ నొక్క అచ్చులో పోసినది. నడుపువాడు ఈ చిత్రమున ఉన్నాడు. కాని అలవలె, పడవవలె దృశ్యములో భాగముగా నున్నాడు.

ఓడలో మనుష్యుడు యాత్రికుడుగా కాక సరకుగా పోయిన కథ చిత్రమున కెక్కుట ఐరోపాలో జరిగినది. 1788లో ప్లిమత్తు పట్టణమున, 1789లో లండనున బానిస వ్యాపార విరోధులు ఒక పటము నచ్చొత్తించిరి. లివర్పూలు వారి బ్రూక్సు ఓడ కొలతలను గైకొని, చట్టము అనుమతించిన చొప్పున ఆఫ్రికా బానిసలను అందు పఱుండబెట్టినచో ఎట్లుండునో గీచి చూపిరి. 1788 నాటి చట్టము ఆ ఓడకు 454 మందిని అనుమతించినది. పురుషునికి 6 అడుగుల పొడవు, 16 అంగుళముల వెడల్పు. పటమున రంగు లేదు, కన్నీరు లేదు, ఆక్రోశము లేదు. చేపలను పేర్చినట్లు నల్లని మనుష్యాకారములు మాత్రమున్నవి. ఇంజనీరు గీచిన నకలు వంటి ఆ పటమే మహోపన్యాసములకంటె నెక్కువ పనిచేసినది. దాని కొయ్య నమూనాను విల్బరుఫోర్సు పార్లమెంటు సభలో చూపెను. 1807లో ఆ వ్యాపారమును చట్టము నిషేధించెను. ఓడను వెలుపలినుండి కాక పైకప్పు తీసి లోపలికి చూపిన మొదటి ప్రసిద్ధచిత్రము ఇదియే యనవచ్చును.

టర్నరు 1840లో ప్రదర్శించిన బానిస ఓడ చిత్రమును, ఇప్పుడు బోస్టను మ్యూజియమున నున్నదానిని, న్యాయవాదులు తప్పక తెలిసికొనవలెను. ఎఱ్ఱని సూర్యాస్తమయము, తుపానులోనికి పోవుచున్న ఓడ, ముందు నీటిలో సంకెల తగిలిన కాలొకటి, చుట్టును చేపలు, పక్షులు. దీని వెనుక జాంగ్ ఓడ వ్యవహార మున్నదని విమర్శకులు చెప్పుదురు. 1781లో ఆ ఓడవారు నీరు చాలదను మిషతో సుమారు 130 మంది బానిసలను బ్రతికియుండగనే సముద్రమున త్రోసివేసిరి. యజమానులు తలకు 30 పౌనుల చొప్పున భీమా సొమ్ము కోరి దావా తెచ్చిరి. 1783లో జూరీ వారికే తీర్పిచ్చెను. లార్డు మాన్స్‌ఫీల్డు ప్రభృతులు పునర్విచారణకు ఉత్తరువు చేసిరి. అంతకుమించి ఏమియు జరుగలేదు. ఎవ్వరిపైనను హత్యానేరము మోపబడలేదు. న్యాయస్థానమున వాదమంతయు గుఱ్ఱములను నీట పారవేసిన భీమా చెల్లునా యన్నట్లు సాగెను. న్యాయస్థానము చూడనిదానిని చిత్రకారుడు చూచెను. అదియును 57 సంవత్సరముల తరువాత!

ఫ్రాన్సున జెరికో ఇంత ఆలస్యము చేయలేదు. 1816 జులై 2న మెదూసా యను యుద్ధనౌక ఆఫ్రికా పడమటి తీరమున ఇసుకమేట కెక్కెను. రాజాశ్రయముచేత పదవి పొందిన కప్తాను పడవ చూచుకొనెను. 147 మందిని తెప్పపై విడిచిరి. 17వ తేదీన వేఱొక ఓడ వచ్చు వేళకు మిగిలినవారు 15 మంది. 1819లో జెరికో ఆ తెప్పను గోడయంత పటముగా వ్రాసి పారిసు ప్రదర్శనశాలలో నిలిపెను. తెప్ప మీది దేహముల గోపురమునకు శిఖరముగా, దూరపు ఓడకు గుడ్డ విసరుచున్నవాడు నల్లజాతివాడు. కప్తానును విచారించిన సైనిక న్యాయస్థానము మూడేండ్ల చెఱ విధించెను. ఆ చిత్రము విధించిన శిక్ష కింకను గడువు తీరలేదు.

ఇన్ని చెప్పిన తరువాత మన యింటివైపు తిరుగుదము. 1828లోనే యానాము నుండి కొందఱు తెలుగువారు కూలి ఒప్పందముపై బూర్బను దీవికి, అనగా నేటి రీయూనియనుకు, పోయిరి. 1834 మొదలు మారిషసు ద్వారము తెఱవబడెను. ఆ దీవికి పోయిన హిందూదేశ కూలీలు మొత్తము సుమారు నాలుగున్నర లక్షలు. కోరంగి రేవు మీదుగ పోయిన తెలుగువారికి అచ్చట "కోరంగీలు" అని పేరు వచ్చెను. బర్మాలోను అదే పేరు. 1860 అక్టోబరున చెన్నపట్టణము విడిచిన ట్రూరో యను ఓడ నవంబరు 16న నాటాలు చేరినప్పుడు అందున్న 342 మందిలో తెలుగువారు కలరు. రంగూనుకు పోయిన మన కళాసీల, రేవుకూలీల లెక్క చెప్పనేల? శాతవాహనుల ఓడలపై పోయినవారికంటె ఈ ఓడలపై పోయిన తెలుగువారు ఎన్ని రెట్లో! అట్టి యాత్రకు మన తెలుగు చిత్రకళలో అజంతా పూర్ణునికి దీటైన చిత్రమేది? టర్నరు ఏడీ? జెరికో ఏడీ?

వారి రూపములు ఒక్కచోట మాత్రము నిలిచినవి. మారిషసున 1867 నాటి చట్టము ప్రకారము గడువు తీరిన ప్రతి కూలీయు తన ఛాయాపటము అంటించిన చీటిని దగ్గఱ నుంచుకొనవలెను. చీటి లేక దారిలో దొరకినచో చెఱ. ఆ కారణముచేత తీసిన వేలకొలది ముఖచిత్రములు నేటికిని ఆ దీవిలో భద్రపఱుపబడియున్నవి. ఎదురుగా చూచు కన్నులు, చేతనో మెడనో సంఖ్య, ఒక పేరు — దొర చెవికి వినబడినట్లు వ్రాసినది. పిలిపించినది పోలీసు, ఉద్దేశము నిర్బంధము. అయినను శివకుని కాలమునుండి మనము వెదకుచున్నవాడు, పేరును ముఖమును కలిసి దొరకినవాడు, ఇచ్చటనే యున్నాడు.

చిత్రము రసాస్వాదమునకు గాని వ్యాజ్యమునకు సాక్ష్యము కాదని కొందఱు మిత్రు లనవచ్చును. జెరికో తెప్పను చూచి రసము లేదనగలవా రెవరు? సత్యమును చెప్పినంత మాత్రమున కళ చెడదు. సగము చెప్పినచో రసమును సగమే యగును. అజంతా చిత్రకారుడు తుపానును దాచి ఓడను మాత్రము వ్రాసియుండినచో నేడు మన మా గుహకు పోదుమా?

కావున మా కోరిక ఇది. నగరమున నున్న తెలుగు సంఘములును, విశ్వవిద్యాలయములును మారిషసు, నాటాలు, ఫిజీ దీవుల దస్తావేజులందలి తెలుగువారి ముఖచిత్రములకు, ఓడల జాబితాలకు నకళ్లు తెప్పింపవలెను. అవి గుమాస్తాల గదులలో నుండిపోక, సముద్రతీరపు పట్టణములలో — విశాఖలో, కాకినాడలో, యానాములో, బందరులో — శాతవాహన నాణెపు ప్రతిమ ప్రక్కన, మోటుపల్లి శాసనపు అచ్చు ప్రక్కన అందఱు చూచునట్లుండవలెను. దస్తావేజుల పేర్లు వక్రముగ వ్రాయబడినవి. వానిని ఇంటిపేర్లతో, గ్రామములతో పోల్చి సరిదిద్దుట తెలుగు తెలిసినవారికే సాధ్యము. ఆ పనిలో న్యాయవాదులకు, వైద్యులకు, ఉపాధ్యాయులకు కూడ పాలుండును. మన చిత్రకళాశాలల విద్యార్థులకు ఆ ముఖములను చూపుడు. వారేమి వ్రాయుదురో మనము నిర్ణయింపనక్కఱలేదు. చూచుటకు అవకాశ మిచ్చిన చాలును.

సభావేదిక వెనుక ఓడ బొమ్మను తీసివేయుమని మేము చెప్పుటలేదు. ఆ ఓడ మన సొత్తే, ఉండనిండు. అయితే వచ్చు సభకు దాని ప్రక్కన చీటి మీది ఆ ముఖముల నొకదానిని పెద్దది చేసి కట్టుడు. ఉపన్యాసకుడు వైభవమును గూర్చి మాటలాడునప్పుడు సభికులు రెంటిని చూచుచుందురు.